సిస్టరమ్మ బావి, నాయన రంగు

మా పక్కింటి సిస్టరమ్మను సమాధి చేసి అందరం బొమ్మనహళ్ళిలోని వాళ్ళింటికి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఇల్లంటే పాత ఇల్లు కాదు, ఆ స్థలంలో లేచిన నాలుగంతస్తుల కట్టడంలో ఒక వాటా. కింద స్కూటర్లు నిలిపేచోట ఒక పక్కగా నేల మీద గుండ్రటి సిమెంటు బిళ్ళ ఉంది. సిస్టరమ్మ కూతురు మెర్సీ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, బావి ఇదే అక్కా అంది. వెనకాల వస్తున్న ఆమె కొడుకు, ఇంజినీరింగ్ చదివే పిల్లవాడు, ఇక్కడ బావి ఉండేదా అని ఆశ్చర్యపోయాడు. ఉండేది, ఒకప్పుడు అందులో నీళ్ళు రాణి రంగులో ఉండేవి అన్నాను. దుఃఖంలో పెద్దవాళ్ళు ఏదో అంటారులే అనుకున్నట్టు అతను చిన్నగా నవ్వాడు. మెట్లెక్కుతూ చెప్పడం మొదలుపెట్టాను గానీ పైన చుట్టాలు, ప్రార్థన, భోజనాలు. మాట మధ్యలోనే తెగిపోయింది. ఇంటికొచ్చాక కూడా అది గొంతులోనే ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మా నాయన పట్టుకు రంగులేసేవాడు. హోసూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే మట్టి సందులో ముందు మా ఇల్లు, వెనక రేకుల షెడ్డు. తాతల కాలంలో మడకశిర వైపు నుంచి వచ్చి బెంగళూరులో కుదురుకున్న కుటుంబం మాది. బళేపేట వ్యాపారులు ముడిపట్టు నూలును చుట్టలుగా కట్టిన చిలపలు పంపితే, వాటిని సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి, జిగురు వదిలించి, రంగు పట్టించి, ఆరబెట్టి తిరిగి పంపడం నాయన పని. తెల్లవారేసరికే రాగి కొప్పెరల కింద మంట రాజుకునేది. మొదట జిగురు ఉడికే వాసన వచ్చేది, వానలో తడిసిన గొర్రెల మందలాగా. పొద్దెక్కాక రంగు నీళ్ళలో కలిపే ఆసిడ్ పుల్లటి వాసన దాన్ని కమ్ముకునేది. నా పుస్తకాలకూ జడకూ కూడా అదే పట్టి ఉండేది. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ఊరగాయ తెచ్చుకున్నావా అని అడిగేవారు. మా ఇంట్లో రోజులకు వారాల పేర్లకన్నా రంగుల పేర్లే ఎక్కువ చెల్లేవి. మా అత్త ఎవరితోనైనా మాట్లాడుతూ, అరిటాకు పచ్చ వేసినామే, ఆ పొద్దు వచ్చిపోయినాడు అనేది.

అత్త అంటే నాయన అక్క, చౌడత్త. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, అప్పటికే భర్తను పోగొట్టుకుని ఉన్న అత్త మా ఇంటికొచ్చి నన్ను పెంచింది. ఇంట్లో ప్రతిదానికీ ఆమె చట్టం ఒకటుండేది. రాగి సంకటి గెలికే కర్రను మరొకరు ముట్టకూడదు. తలంటు రోజు స్నానానికి ముందు ఏదీ తినకూడదు. నీళ్ళు కాగే అండా కింద వేరుశనగ పొట్టు తప్ప మరొకటి వెయ్యకూడదు, ఎందుకంటే ఆ పొట్టు మడకశిర వైపు చుట్టాల దగ్గరినుంచి గోనెసంచుల్లో లారీమీద వచ్చేది. ఆ సంచులు పెరట్లో గోడ పొడుగునా పేర్చి ఉండేవి. శీతాకాలం పొద్దున ఆ పొట్టు మంట దగ్గర కూర్చుని, చేతులు కాచుకుంటూ ఆమె చెప్పే ఊరి సంగతులు వినడమే నాకు దొరికిన పెద్ద సుఖం. ఇంత మాట్లాడే అత్త కూడా నాయన చిలపలు కొప్పెరలో ముంచిన వేళ నోరు మెదిపేది కాదు. అప్పుడు ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. కర్రలకు వేలాడే చిలపల్ని తిప్పుతూ, మధ్యలో ఒక పోగు పైకి తీసి, ఎండలోకి వెళ్ళి తన తెల్ల పంచె మీద పెట్టి చూసుకునేవాడు. తూకమూ కొలతా ఆ చూపులోనే.

మా పక్క ఇల్లు సిస్టరమ్మది. ఆమె పేరు సుగుణ, తెనాలి వైపు క్రైస్తవ కుటుంబం, ఒక మిషను ఆసుపత్రిలో నర్సు. భర్త గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, సెలవులకు వచ్చిపోయేవాడు. తెల్లచీర కట్టుకుని, జడను కొప్పుచుట్టి ఆమె సందులో నడిచి వెళ్తుంటే పిల్లలం ఆట ఆపి దారిచ్చేవాళ్ళం. ఆమె పెరట్లో బావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. మేం బోరు వేయించుకునేదాకా మాకూ అవే తాగునీళ్ళు. అత్తకూ ఆమెకూ స్నేహమెంతో వాదమూ అంతే. ఇద్దరిదీ తెలుగే గానీ అత్త నోట ‘ఉండాది’, ‘వస్తాది’ వినిపిస్తే సిస్టరమ్మ ముసిముసిగా నవ్వేది. సిస్టరమ్మ ‘ఏవండీ, బాగున్నారాండీ’ అంటే అత్త, ఈమె రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతాది అనేది. క్రిస్మస్‌కు గోడమీదుగా కేకు ఇటొచ్చేది, ఉగాదికి ఒబ్బట్లు అటు పోయేవి. మెర్సీకి జడ వెయ్యడం నా పని, నాకు జ్వరమొస్తే సూది వెయ్యడం ఆమె పని.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరిన ఏడు వానలు ముందే వచ్చాయి. ఒక ఉదయం సిస్టరమ్మ డ్యూటీకి వెళ్ళే చీరలోనే మా షెడ్డు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాయన చిలపలు తిప్పుతున్నాడు. ఆ వేళ మాట్లాడకూడదని ఆమెకూ తెలుసు కాబట్టి ఆయన వాటిని పైకెత్తి కర్రలమీద వేసేదాకా ఆగింది. తర్వాత కొంగు ముందుకు చాపి, అన్నయ్యగారూ, ఇదొకసారి చూడండి అంది. నేనక్కడే ఉన్నాను. తెల్లచీర తెల్లగానే ఉందనిపించింది. నాయన మాత్రం ఆ కొంగు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని, ఆమెను గుమ్మం బయటికి, ఎండలోకి రమ్మని, తన పంచె పక్కన పెట్టి చూశాడు. అప్పుడు నాకూ కనిపించింది. చీర మొత్తం సిగ్గుపడ్డట్టు సన్నగా గులాబీ తిరిగి ఉంది. మా సందులో రంగుల షెడ్లు ఇంకో రెండున్నాయి. నాయన వాళ్ళ పేరు చెప్పొచ్చు, చూద్దాంలే అనొచ్చు. చాలాసేపు చూసి, "నాదే సిస్టరమ్మా. పోయిన వారం వేసిన రాణి" అన్నాడు.

"నేను గొడవకి రాలేదండీ" అంది ఆమె. "పిల్ల ఆ నీళ్ళే తాగుతోంది. అందుకొచ్చాను." ఆ మాటకు నాయన తల దించుకున్నాడు. షెడ్డులో రంగు దిగిన నీళ్ళన్నీ వెనక ఒక గుంటలోకి పోయేవి. గుంట ఎప్పుడూ నిండేది కాదు. భూమి తాగేస్తాది అని నాయన నమ్మకం, ఆయనకు పని నేర్పినవాళ్ళ నమ్మకమూ అదే. ఆ రోజు ఆయన సిస్టరమ్మ పెరట్లోకి వెళ్ళి స్వయంగా బావిలో బొక్కెన వేసి చేదాడు. ఇత్తడి బొక్కెనలో నీళ్ళ రంగు తెలియక, మెర్సీ పాలు తాగే గాజు గ్లాసు అడిగి తీసుకున్నాడు. గ్లాసు పైకెత్తి చూసి, బావి గట్టుమీద కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు. అత్త కోపంగా వెళ్ళి, ఆయన ముఖం చూసి తిరిగొచ్చింది.

మర్నాటి నుంచి నాయన రాణి రంగు వెయ్యడం మానేశాడు. పెళ్ళిళ్ళ కాలం. ఆ రంగు చీర లేకుండా పెళ్ళిబట్టలు ఉండని రోజులు. బళేపేట నుంచి వ్యాపారి తానే వచ్చి కూర్చుని, మీరు కాకపోతే ఇంకొకరు వేస్తారని, బావి ఒకటి పాడైతే కార్పొరేషన్ నీళ్ళు రేపో మాపో వస్తాయని నచ్చజెప్పాడు. నాయన ఆయనకు కాఫీ ఇప్పించి, "ఆ బావి తేటపడేదాకా నా చేతిలో కాదప్పా" అని మాత్రం అన్నాడు. ఆయన వెళ్ళాక, చదువుకున్నదాన్నన్న ఉత్సాహంతో నేనొక మాటన్నాను. రాణి కంటికి కనబడింది గాబట్టి తెలిసింది, పచ్చా నీలమూ కూడా అదే గుంటలోకి కదా పోతున్నాయి అని. నాయన షెడ్డులోకి వెళ్ళి మంటలన్నీ ఆర్పేశాడు. చిన్నప్పటినుంచీ పొగ లేని రోజు ఎరగని మా పెరడు ఒక్కసారిగా బావురుమంది. పొద్దున్నే మా బోరు నీళ్ళు పీపాకు పట్టి, తోపుడుబండి మీద సిస్టరమ్మ గుమ్మంలోకి ఆయనే తోసుకెళ్ళేవాడు. ఆమె వద్దంటున్నా వినేవాడు కాదు.

దారి మా కాలేజీలో పద్మిని మేడమ్ చూపించారు. ఆమె కన్నడావిడ, మాకు పర్యావరణ రసాయనశాస్త్రం చెప్పేవారు. నా ముఖం చూసి విషయం అడిగి తెలుసుకుని, రంగును పట్టుకోవడానికి యాక్టివేటెడ్ కార్బన్‌ను మించింది లేదన్నారు. అది బొగ్గే గానీ ఒళ్ళంతా కంటికి కనబడని రంధ్రాలుంటాయి, రంగు వచ్చి ఆ గోడలకు అంటుకుపోతుంది. కంపెనీ సరుకు మా తాహతుకు మించింది. మీ ఇంట్లో ఊరికే దొరికే చెత్త ఏముంది అని అడిగారు. శనక్కాయ పొట్టు అన్నాను. అయితే అదే నీ ప్రాజెక్టు అన్నారు. ఇంటికొచ్చి అత్తకు చెబితే, ఆమె మొదట నా మొహానికేసి చూసింది. బొగ్గే కావాలంటే పొయ్యిలో లేదా, దానికి మంచి పొట్టు ఎందుకు తగలెయ్యడం అని, పొయ్యిబొగ్గు దంచి గుడ్డలో కట్టి బావినీళ్ళలో వేసింది. సాయంత్రానికి రంగు రవంత తగ్గింది, అంతే. అప్పుడు తానే వెళ్ళి ఒక సంచి మూతి విప్పింది.

ఆ తర్వాతి నెలలు మా పెరటిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పొట్టును కడిగి ఆరబెట్టి, పలచటి ఆమ్లంలో నానబెట్టి, మళ్ళీ ఆరబెట్టి, గాలి చొరకుండా మూసిన ఇనుప డ్రమ్ములో మాడ్చాలి. మొదటిసారి మూత సందుల్లోంచి గాలి దూరి లోపల బూడిద తప్ప ఏమీ మిగల్లేదు. రెండోసారి అత్త మూత చుట్టూ ఒబ్బట్ల పిండి మెత్తినంత శ్రద్ధగా బంకమన్ను మెత్తింది. ఈసారి నల్లగా నిగనిగలాడే బొగ్గు దిగింది. నేను దాన్ని మెత్తగా నూరించి నీళ్ళలో కలిపాను. రంగు పోయింది గానీ నీళ్ళు సిరాలా నల్లబడి ఎంతకీ తేరుకోలేదు. అన్ని రోజులుగా నోరు విప్పని నాయన గ్లాసు చూసి, రాణి పాయ, కాటుక వచ్చె అన్నాడు. అత్తా నేనూ పగలబడి నవ్వాం. ఆయనా నవ్వాడు. మంటలు ఆర్పిన తర్వాత మా ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది. మెత్తని పొడి కాదు, రవ్వలాంటి పలుకులు కావాలని మేడమ్ చెబితే, అత్త తన బొంబాయి రవ్వ జల్లెడ తెచ్చిచ్చింది. ఆ జల్లెడను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

చివరికి ఒక పీపాలో కింద గులకరాళ్ళు, పైన ఇసుక, ఆపైన కడిగి పులుపు వదిలించిన బొగ్గు పలుకులు పోసి, అడుగున కొళాయి బిగించాం. నాయన ఒక చిన్న కొప్పెరలో చాలాకాలానికి రాణి కలిపి ఆ నీళ్ళు పైనుంచి పోశాడు. అత్త, నేను, గోడ అవతలినుంచి వచ్చిన సిస్టరమ్మ, మెర్సీ చుట్టూ నిలబడ్డాం. కొళాయిలోంచి చుక్కచుక్కగా, తర్వాత సన్నటి ధారగా దిగాయి నీళ్ళు. నాయన గ్లాసు పట్టి ఎండలోకి వెళ్ళాడు. పంచె మీద పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. ఏమీ లేదు అన్నాడు, తనలో తాను అనుకున్నట్టుగా. ఆ సంతోషంలో గ్లాసు నోటిదాకా ఎత్తాడు. సిస్టరమ్మ ఒక్క అడుగులో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది.

"కంటికి తేటగా ఉన్నంతమాత్రాన కడుపుకి మంచిదవుతుందా అన్నయ్యగారూ?" అంది. "ముందు పిల్లని పరీక్ష చెయ్యనివ్వండి."

నాయన చిన్నపిల్లవాడిలా గ్లాసు కింద పెట్టేశాడు. ఆమె అన్నదే నిజమైంది. కాలేజీలో చూస్తే రంగు దాదాపు పోయింది గానీ ఉప్పులూ ఇంకొన్నీ అలాగే ఉన్నాయి. అవి తాగే నీళ్ళు కావు, ఎప్పటికీ కాలేదు. కొప్పెరలు కడగడానికీ, జిగురు తీసిన చిలపల్ని మొదటిసారి జాడించడానికీ వాడుకునేవాళ్ళం. రాణి ఒక్కటి తప్ప మిగతా రంగులతో షెడ్డు మళ్ళీ పొగ వదిలింది. వదిలిపోయిన వ్యాపారుల్లో కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. ఇక అంతా బాగుందనుకునేసరికి ఇంకో సంగతి జరిగింది. షెడ్డు రంగులూ, బావిలోంచి తోడిన రాణి నీళ్ళూ తాగి తాగి ఇక పట్టుకోలేనన్న బొగ్గును తీసి షెడ్డు వెనక కుప్ప పోసేవాళ్ళం. ఒక పెద్దవాన మర్నాడు అత్త వంటింట్లోకి వస్తే గచ్చుమీద ఆమె అడుగులు పడ్డాయి, గులాబీ రంగులో. కూర్చుని అరికాళ్ళు తిప్పి చూసుకుంది. పెళ్ళికూతురికి పారాణి పెట్టినట్టున్నాయి. భర్త పోయాక పసుపైనా రాసుకోని మనిషి. వాటిని అలాగే చూస్తూ కూర్చుంది. "చూడు రత్నా, మీ నాయన ఈ వయసులో నన్ను సింగారించినాడు" అంది చివరికి. కుప్పలోంచి కారిన నీళ్ళు మళ్ళీ సిస్టరమ్మ గోడవైపే పారుతున్నాయని నాయనకు తెలిసి, ఆ పూటంతా మంచం దిగలేదు. ఆయన్ని లేపింది సిస్టరమ్మే. జబ్బు తిరగబెడితే మందు మారుస్తాం గానీ రోగిని వదిలేస్తామా అందట. హోసూరు రోడ్డు పక్కన ఇటుక బట్టీలవాళ్ళు ఆ బొగ్గును మంటలోకి తీసుకుంటామన్నారు. అప్పటినుంచి తడి బొగ్గు రేకుల కింద ఆరడం, బట్టీకి పోవడం. అది మేలైన ఉపాయమని ఈ రోజు నా విద్యార్థులకు చెప్పను. ఆ పొగలో ఏం పోయిందో మేం చూడలేదు. అప్పటికి మాకు తోచింది అదే.

బావిని మాత్రం తొందరపెట్టలేకపోయాం. నాయన కిరాయి పంపు పెట్టించి, అడుగు కనబడేదాకా తోడించి, ఆ నీళ్ళనూ పీపాల గుండానే వదిలేవాడు. ఊట మళ్ళీ ఊరేది, ఇంకాస్త లేతగా. ఆయన దానికి రంగుల పేర్లు చెప్పేవాడు. రాణి గులాబీ అయ్యింది, గులాబీ ఉల్లిపొర అయ్యింది, ఉల్లిపొర మొగలిరేకు అయ్యింది. ఆ ఏడు దాటి మళ్ళీ వానలొచ్చి వెళ్ళిపోయాక, ఒక ఆదివారం సిస్టరమ్మ బావినీళ్ళలో ఉతికిన తెల్లచీర కట్టుకుని చర్చికి బయలుదేరింది. నాయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన చూపు ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆగి, పండగ గౌను చూపించే పిల్లలా సందు మధ్యలో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. బైబిలు చంకలో సర్దుకుని వెళ్ళిపోయింది. నాయన లోపలికొచ్చి, ఆకలేస్తోంది అన్నాడు.

ఇప్పుడు నేను అదే చదువు పిల్లలకు చెబుతున్నాను. పొట్టుతో, టెంకాయ చిప్పలతో, చెరకు పిప్పితో బొగ్గు చేసి నీళ్ళు శుభ్రం చెయ్యడం మీద వాళ్ళు చక్కటి గ్రాఫులు గీస్తారు. మా ఇంట్లో లేని యంత్రాలన్నీ ల్యాబులో ఉన్నాయి. దుకాణాల్లో అదే బొగ్గు పళ్ళపొడిలోకీ ముఖానికి రాసుకునే పూతల్లోకీ చేరింది. ఊరి చెరువుల్లో మాత్రం నురుగు తెల్లటి గుట్టలుగా లేచి రోడ్డుమీదికి ఎగిరొస్తుంది. అది ఎవరిదని అడిగితే ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ వైపు చూపిస్తారు. వాళ్ళను తప్పుపట్టి ఏం లాభం, అంతమంది నీళ్ళు కలిసిన చోట ఎవరి రంగును ఎవరు గుర్తుపట్టగలరు? మా సందులో గోడకు ఇటు ఒక మనిషి, అటు ఒక మనిషి ఉన్నారు. వాళ్ళు రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. మా బొగ్గు పని చేసింది నిజమే. దానికన్నా ముందు పని చేసింది ఆ గోడ అంత పొట్టిగా ఉండటం అనిపిస్తుంది నాకు.

అత్త పోయాక కొన్నాళ్ళకు షెడ్డు మూసేశాం. చుట్టూ ఇళ్ళు లేచాయి, పొగకు చోటు లేకపోయింది, నాయనకూ ఓపిక తగ్గింది. ఆయన మంచాన పడ్డప్పుడు సిస్టరమ్మ రిటైరై ఇంట్లోనే ఉంది. నేను కాలేజీకి వెళ్ళే వేళకు వచ్చి, నేను తిరిగొచ్చేదాకా కూర్చునేది. ఒళ్ళు తుడవడం, మందులివ్వడం, అత్త లేని లోటు తీరేలా ఆయనతో వాదించడం అన్నీ ఆమే. నాయన గోళ్ళు జీవితమంతా రంగులోనే ఉండేవి, పచ్చ మీద నీలం, నీలం మీద ఎరుపు. ఏ సబ్బుకూ వదిలేవి కావు. షెడ్డు మూశాక అవి కొంచెం కొంచెంగా పెరిగిపోయి, కింద తెల్లగోళ్ళు వచ్చాయి. ఒక సెలవురోజు ఆమె మంచం పక్కన కూర్చుని ఆయన గోళ్ళు తీస్తోంది. ఇప్పుడు చూడండి అన్నయ్యగారూ, మీ చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో అంది. నాయన చెయ్యి పైకెత్తి కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూసుకున్నాడు.

"ఏం బాగలేదు సిస్టరమ్మా" అన్నాడు. "ఎవురి చెయ్యో ఉన్నట్టుండాది."

ఆమె నవ్వి, ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, మిగిలిన గోళ్ళు తీసింది.